వాళ్ల సెంటు, మన పైసా

చోడవరంలో మా అమ్మమ్మగారింట్లో ఓ పాత రేకు డబ్బా ఉండేది. దాన్నిండా అల్యూమినియం చిల్లరే! నలుపలకల పైసా, అంచు వంకీలు తిరిగిన రెండు పైసలు, ఆరు పలకల మూడు పైసలు... వేసవి సెలవుల్లో మాకు అష్టాచెమ్మా కాయలు అవే. ఒక్కో పైసా బరువు ముప్పావు గ్రాము.

మన పైసా అల్యూమినియంలోకి మారింది 1965లో. ఎనిమిదేళ్లకి అమెరికాకీ అదే ఆలోచన వచ్చింది. 1973లో రాగి ధర ఎగబాకింది. సెంటు నాణెంలోని రాగి సెంటు కన్నా ఖరీదైపోతుందని భయం పట్టుకుంది. 1974 అని వేసి, అల్యూమినియంతో సుమారు 15 లక్షల సెంట్లు కొట్టారు. ఇలా నమూనాగా కొట్టే వాటిని ‘ప్యాటర్న్’ నాణేలంటారు. ఆమోదం దొరికితే బజారుకి, లేదంటే కొలిమికి!

ఆమోదం దొరకలేదు. యంత్రాల్లో ఇబ్బంది పెట్టే నాణెం మాకొద్దన్నాయి నాణెం వేస్తే సరుకిచ్చే యంత్రాల కంపెనీలు. పిల్లల డాక్టర్ల అభ్యంతరం ఇంకోటి: పిల్లాడు మింగితే అల్యూమినియం ఎక్స్‌రేలో సరిగ్గా కనపడదని. (మనవాళ్లకి ఈ సందేహం వచ్చినట్టు లేదు!) ఈలోగా రాగి ధరా దిగింది. నాణేలన్నీ కరిగించేశారు. ఒకటి మాత్రం స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. చూడమని కాంగ్రెస్ సభ్యులకిచ్చిన వాటిలో డజను దాకా తిరిగి రానేలేదు. పెద్దమనుషులు కదా, ఎవరు గట్టిగా అడుగుతారు?

గట్టిగా అడిగింది ఒక సామాన్యుణ్ణి. డెన్వర్ టంకశాలలో అధికారిగా చేసిన తండ్రి పోయాక, ఆయన దాచిన నాణేల సంచీని కొడుకు ఓ దుకాణానికి 300 డాలర్లకి అమ్మేశాడు. అందులో అల్యూమినియం సెంటు ఒకటుంది! వేలంలో కనీసం రెండున్నర లక్షల డాలర్లు పలుకుతుందని అంచనా. ప్రభుత్వం అడ్డుపడింది. డబ్బుగా ఎన్నడూ విడుదల కాలేదు కనుక అది సర్కారు సొత్తేనంది. 2014లో వ్యవహారం కోర్టుకెక్కింది. 2016లో నాణెం వెనక్కి ఇచ్చేశారు. వాదన న్యాయమైనదే కావచ్చు. ఆ డజను సంగతి కూడా తేల్చి ఉంటే ఇంకా బాగుండేది.

వాడుకకి కొట్టే సెంటుని 2025 నవంబరులో అమెరికా ఆపేసింది. మన పావలా, అంతకు తక్కువ చిల్లర 2011 జూన్ నెలాఖరుతో చెల్లకుండా పోయింది. మా రేకు డబ్బా అంతకు ముందే స్టీలు సామాన్లవాడి తక్కెడెక్కింది. బదులుగా ఓ గరిటె వచ్చింది.