చేయి లేవక ముందే ‘ఫిట్’ సర్టిఫికెట్టా?



రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స చేయించుకొన్న ఉద్యోగిని సెలవు ముగించుకొని విధులలో చేరబోయేటప్పుడు మన శాఖలు ఆమెను అడిగేది ఒక్క కాగితమే. దానిమీద ‘ఫిట్’ అని ఉంటే చేరవచ్చును. లేకుంటే సెలవు పొడిగించుకోవలసినదే. ఆమె చేయి ఎంత ఎత్తుకు లేస్తున్నది, ఎంత బరువు మోయగలదు, సాయంత్రానికి వాస్తున్నదా అన్న విషయాలకు ఆ కాగితంలో చోటు లేదు. ఆసుపత్రి తన పని అయినదనుకొంటుంది. ఆఫీసు తన పని మొదలైనదనుకొంటుంది. ఈ రెంటి నడుమ భుజాన్ని పట్టించుకొనే నాథుడు లేడు. ఈ సమస్యను మన సంఘాలు చేపట్టి తీరవలెనన్నదే నా మనవి.

భుజానికీ రొమ్ముకూ సంబంధమేమిటని కొందరు మిత్రులు అడుగవచ్చును. ఈ వ్యాధి పాకే మొదటి దారి తరచుగా చంకలోని లింఫు గ్రంథులే గనుక వాటిని కూడా తొలగించవలసి వస్తుంది. పందొమ్మిదవ శతాబ్దం చివరిలో అమెరికా శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో రొమ్ముతోపాటు ఛాతీ కండరాలను సైతం కోసివేసేవారు. అంత కోత వలన ఆయుష్షు పెరగదని 1971లో బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వాన ఆరంభమైన పరిశోధన తేల్చిచెప్పింది. ఇప్పుడు సాధారణంగా కండరాలను కాపాడుతున్నారు. కాని మన దేశంలో వ్యాధి ముదిరిన తరువాతనే ఆసుపత్రికి చేరేవారు ఎక్కువ గనుక చంకలోని గ్రంథులను పూర్తిగా తీసివేయవలసిన సందర్భాలూ ఎక్కువే.

దాని ఫలితాన్ని చేయి అనుభవిస్తుంది. భుజం బిగుసుకొంటుంది. చేయి లోపలివైపు తిమ్మిరి పట్టి ఉంటుంది. కొందరికి చంకనుండి మోచేతి వరకు చర్మం క్రింద తీగ లాగినట్లు గట్టి పోగులు ఏర్పడి, చేయి చాపినప్పుడు పీకుతాయి. గ్రంథులు లేకపోవుటచే లింఫు ద్రవం వెనుకకు మళ్ళే దారి తగ్గి చేయి వాయవచ్చును. దీనినే లింఫెడీమా అంటారు. ఇది నెలల తరువాత, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరువాత కూడా రావచ్చును. సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తున్నదని లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో 2013లో వెలువడిన సమీక్ష తెలుపుతున్నది. ఇది అరుదైన బాధ అని ఎవరూ తోసిపుచ్చజాలరు.

నాకు తెలిసిన ఒక సభ్యురాలి విషయం చెబుతాను. కోస్తా జిల్లాలో తపాలా ఉద్యోగిని. శస్త్రచికిత్స ఢిల్లీలోని ఒక ఆసుపత్రిలో జరిగింది. కుమారుడు జియా సరాయ్‌లో గది అద్దెకు తీసుకొని పోటీ పరీక్షలకు చదువుతుండగా, ఆమె ఆ గదిలోనే దిగింది. దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. ప్రక్కన ఉన్న ఆ ఊరు ఇటువంటి విద్యార్థుల గదులతో కిక్కిరిసి ఉంటుంది. సరాయ్ అంటే బాటసారుల సత్రం. ఊరి పేరు నేటికీ సార్థకమే. ఇరుకు మెట్లు ఎక్కి నాలుగవ అంతస్తు చేరితే మంచం, బల్ల, గోడ. బట్టలు ఆరవేయాలంటే పై డాబా మీది తీగ అందుకోవాలి. ఆ తీగ ఆమెకు అందలేదు.

ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివారు ఆమె చేతిలో వ్యాయామాల కాగితం ఒకటి పెట్టారు. అది హిందీలో ఉన్నది. ఫిజియోథెరపిస్టును చూడమని ఎవరూ చెప్పలేదు. ఊరినుండి ఆడపడుచు ఫోను చేసినప్పుడల్లా, “వదినా, ఆ చేయి కదపకు, కుట్లు పిగులుతాయి” అన్నది. ప్రేమతో చెప్పిన మాటే. ఆమె అట్లే చేతిని కడుపుకు ఆనించుకొని నెల దాటించింది. తరువాత రేడియేషనుకు వెళితే చేయి తలపైకి ఎత్తి పడుకోమన్నారు. చికిత్స జరిగినంతసేపూ చేయి ఆ విధంగా ఉండవలసినదే. చేయి భుజం ఎత్తుకు కూడా రాలేదు. భుజం సడలిన తరువాత రమ్మని వెనుకకు పంపారు. బిగుసుకొన్న భుజం వలన క్యాన్సరు చికిత్సయే ఆగిపోయిందన్నమాట! ఫిజియోథెరపీ విలాసమనేవారు ఈ సంగతి ఆలోచించాలి.

అప్పుడు గాని ఫిజియోథెరపిస్టు దగ్గరకు పోలేదు. గోడకు ఎదురుగా నిలబడి వ్రేళ్ళను మెట్లెక్కించినట్లు పైకి పాకించడం, రెండు చేతులతో కర్ర పట్టుకొని నెమ్మదిగా ఎత్తడం, దీర్ఘశ్వాస, భుజాలు త్రిప్పడం. వ్రేళ్ళు చేరినంత మేర కుమారుడు పెన్సిలుతో గీత గీసి తేదీ వేసేవాడు. రెండు వారాలకు గీత జానెడు పైకి పోయింది, రేడియేషను మొదలైంది. (గోడ పాడుచేశారని ఇంటి యజమాని అడ్వాన్సులో కోత కోసినాడట. ఢిల్లీ ఢిల్లీయే.)

ఈ వ్యాయామాలు ఉబుసుపోకకు చెప్పేవి కావు. ఇంగ్లండులో 392 మంది స్త్రీలపై జరిపిన ‘ప్రాస్పర్’ అనే పరిశోధన ఫలితాలు 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినవి. భుజం ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవారినే అందులో చేర్చుకొన్నారు. శస్త్రచికిత్స జరిగిన 7 నుండి 10 దినాలలో ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామం మొదలుపెట్టినవారి చేయి, కాగితం మాత్రం ఇచ్చి పంపినవారి చేతికన్న సంవత్సరం తరువాత మెరుగుగా పనిచేసింది. వ్యాయామం వలన వాపు పెరగలేదు. బరువెత్తితే చేయి వాస్తుందన్న భయం కూడా ఇటువంటిదే. అప్పటికే వాపు ఉన్న 141 మంది చేత క్రమపద్ధతిలో బరువులెత్తించిన అమెరికా పరిశోధన ఒకటి 2009లో వెలువడింది. వాపు పెరగలేదు సరికదా, అది తిరగబెట్టడం తగ్గింది. అయితే క్రమపద్ధతి వేరు, చేరిన మొదటిరోజే సంచులు మోయించడం వేరు. గొట్టం తీయక ముందు చేయి ఎంతవరకు ఎత్తవచ్చునో వైద్యుడే చెప్పాలి. చేయి ఎర్రబడి, వేడెక్కి జ్వరం వస్తే వ్యాయామం ఆపి అదే రోజున వైద్యుని చూడాలి.

ఇక మన పనుల సంగతి. ఆర్.ఎం.ఎస్.లో సంచి ఎత్తాలి, తల ఎత్తున ఉన్న అరలలో ఉత్తరాలు వేయాలి. కౌంటరులో రోజంతా ముద్ర కొట్టాలి. రైలుపట్టాల మీద పనిచేసే సోదరీమణులు సుత్తి, గునపం పట్టాలి. ఇటువంటి పనులకు ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’ అని రెండే గడులున్న కాగితం చాలదు. ఏ చేయి, ఎంత బరువు, ఎంత ఎత్తు, ఎన్ని వారాలు అన్నది వైద్యుడు వ్రాయాలి. దాని ప్రకారం పై అధికారి తేలిక పని ఇచ్చి, వారాలు గడిచిన కొద్దీ పూర్తి పనికి తీసుకురావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందినవారిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. మంచిదే. కాని ఆ రక్షణ చేయి చెడిన తరువాత వచ్చేది. మనం అడుగుతున్నది చేయి చెడకుండా ఉండేందుకు.

రైల్వేవారికి స్వంత ఆసుపత్రులున్నవి. శస్త్రచికిత్స బయట ఆసుపత్రిలో జరిగినా, ఆ తరువాతి ఫిజియోథెరపీ బాధ్యతను రైల్వే ఆసుపత్రి తీసుకోవలెనని మనం కోరాలి. క్యాన్సరు రోగికి స్లీపరు, మూడవ ఏ.సి. తరగతులలో ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వచ్చేవారికి 75 శాతం రాయితీ ఉన్నవి. ఢిల్లీ దాకా ఉచితంగా చేర్చే శాఖకు భుజాన్ని చక్కచేసి పంపడం భారమా? తపాలావారిలో కొందరికి సి.జి.హెచ్.ఎస్., తక్కినవారికి 1944 నాటి వైద్య నిబంధనలు. గ్రామీణ డాక్ సేవకులు ఆ నిబంధనలకూ వెలుపలివారే. ఊరూరా ఉత్తరాలు పంచే స్త్రీకి చేయి వాస్తే బిల్లు పెట్టుకొనే చోటు లేకపోవడం మన ఉద్యమం ఇంతకాలం సహించవలసిన సంగతి కాదు. వాపు అదుపులో ఉంచే బిగుతు తొడుగు కొన్ని నెలలకొకసారి మార్చవలసినదే గనుక దాని ఖర్చు కూడా శాఖలే భరించాలి.

ఇది ఆడవారి వ్యవహారం, సభలో ఎట్లా మాట్లాడగలమని సందేహించే కార్యదర్శులున్నారు. మగవారే అధికంగా ఉన్న మన కార్యవర్గాలలో రొమ్ము అన్న మాట పలకడానికే నోరు రాదు. అయ్యా, మీ వైద్యపు కార్డులో మీ భార్య పేరూ ఉన్నది. సిగ్గు విడిచి మాట్లాడండి.

శాఖా కార్యదర్శులకు నా సూచన ఇది. రైల్వే డివిజన్లలో రాబోయే పి.ఎన్.ఎం. సమావేశపు ఎజెండాలో, తపాలా డివిజన్లలో నెలవారీ సమావేశపు ఎజెండాలో ఈ అంశం చేర్చండి. వ్యాయామాల కాగితం తెలుగులో తయారు చేయించేందుకు లాలాగూడ కేంద్రీయ రైల్వే ఆసుపత్రి వైద్యులను వ్రాతపూర్వకంగా కోరండి. వైద్యులు సరిచూచిన ప్రతి అందితే అచ్చు ఖర్చు సంఘం భరించవచ్చును. శస్త్రచికిత్స అనంతరం చేరిన సభ్యురాండ్రకు ఏ పని అప్పగించారో, ఎన్నవ రోజున అప్పగించారో, వారి పేర్లు బయటపెట్టకుండా వివరాలు సేకరించి కేంద్ర కార్యాలయానికి పంపండి.