హెచ్చరిక: పేరు చూసి పిల్లల్ని తూకం వేయకండి

జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారంలోనే ఒక పాడుపని జరిగిపోతుంది. హాజరు పట్టీ చేతికి రాగానే, మొహాలైనా సరిగా చూడకముందే, పేర్లు చదివి వీడు అల్లరివాడు, వాడు బుద్ధిమంతుడు అని కొందరు సార్లు, మేడంలు ఖాయం చేసేసుకుంటారు. "సైదులు అని ఉందా, అయితే కిటికీ అద్దాలు భద్రం" అని స్టాఫ్‌రూములో ఒకరంటే నలుగురు నవ్వుతారు. సరదాకే అన్నారనుకుందాం. కానీ మార్కులు వేసేదీ, వెనక బెంచీకి పంపేదీ, బెత్తం అందుకునేదీ ఆ నవ్విన మనుషులే.

నల్గొండ, పాలమూరు పల్లెల్లో ఈ పేర్లు ఊరికే పెట్టినవి కావు. యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుంటే పుట్టినవాడు యాదయ్య. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే సైదులు, ఆ ఇల్లు హిందువులదైనా సరే. పెద్దగట్టు లింగమంతుల స్వామి పేరున లింగయ్య. పుట్టినోళ్లు పుట్టినట్టే పోతుంటే, దక్కిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి మళ్లీ ఎత్తుకొచ్చి పెంటయ్య అనో పెంటమ్మ అనో పిలుచుకున్నారు. ఆ తల్లి కడుపుకోత ఎరగనివాళ్లకే అది నవ్వులాట.

తరగతిలో ఏం జరుగుతుందో చూడండి. రిత్విక్‌ను "రిత్విక్, కూర్చో నాన్నా" అంటారు. అదే బెంచీ మీది యాదయ్య "ఒరే యాదిగా" అయిపోతాడు. పదేళ్ల పోరడు పొద్దంతా ఈ తేడా వింటాడు. ఎట్లాగూ అల్లరివాడినే అన్నారు కదా అని కొన్నాళ్లకు అట్లాగే తయారవుతాడు. అప్పుడు సారు "నేను ముందే చెప్పలే?" అంటాడు.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. పిల్లలు రాసిన వ్యాసాల మీద పేర్లు మార్చి పెడితే టీచర్లు వేసే మార్కులూ మారాయని 1973లోనే హరారీ, మెక్‌డేవిడ్ అనే అమెరికా పరిశోధకులు చూపించారు. కెవిన్ అన్న పేరు వింటేనే అల్లరివాడని జర్మనీ ప్రైమరీ టీచర్లు అనుకుంటున్నారని 2009లో ఓల్డెన్‌బుర్గ్ విశ్వవిద్యాలయం సర్వేలో బయటపడింది. ఆడపిల్లలకు పెట్టేలాంటి పేర్లున్న మగపిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి క్రమశిక్షణ గొడవల్లో ఎక్కువగా ఇరుక్కుంటున్నారని ఆర్థికవేత్త డేవిడ్ ఫిగ్లియో 2007లో రాశాడు. మరి అంతకుముందు ఆ పిల్లలకూ అదే పేరు కదా? పేరు మారలేదు, చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని చూసే తీరు మారింది.

మనం ఉలిక్కిపడాల్సింది మాత్రం ఉత్తరప్రదేశ్ పల్లెల్లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే చేసిన పరీక్ష చూసి. ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద చిక్కుదారి పజిళ్లు ఇచ్చారు. కులం ఊసెత్తనప్పుడు అగ్రకులాల పిల్లలూ దళితుల పిల్లలూ సమానంగా చేశారు. పేరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరిముందూ చదివి వినిపించాక దళితుల పిల్లలు చేసినవి బాగా తగ్గిపోయాయి. పిల్లల తెలివి ఆ కాసేపట్లో ఎటు పోయినట్టు? స్కాలర్‌షిప్ ఫారాలు నింపే రోజున "ఎస్సీ వాళ్లు లేవండి, ఎస్టీ వాళ్లు లేవండి" అని తరగతిలో నిలబెట్టే ప్రతి టీచరూ తెలియకుండానే ఆ పరీక్షే మళ్లీ చేస్తున్నట్టు. ఆ వివరాలు అడ్మిషన్ రిజిస్టర్‌లోనే ఉంటాయి. నిలబెట్టి అడగాల్సిన పనేముంది?

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లాడు మాట వినట్లేదని పేరులో అక్షరం కలిపే న్యూమరాలజీ వాళ్ల దగ్గరికి పరుగెత్తకండి. ముందు కళ్ల పరీక్ష చేయించండి, బోర్డు కనబడని పిల్లాడు పక్కవాణ్ని గిల్లుతాడు. అమ్మానాన్న వలసపోతే ముసలవ్వ దగ్గర మిగిలిన పిల్లాడి కోపానికి ఏ అక్షరమూ మందు కాదు. పైగా జనన ధ్రువపత్రంలో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, పదో తరగతి మెమోలో ఇంకొకటి పడితే ఆఫీసుల చుట్టూ తిరిగేది రేపు ఆ పిల్లాడే.

ఇక ఇలాంటి పల్లె పేర్లవాళ్లు ఏం సాధించారో చూడండి. ఆలేరు పక్కన శారాజీపేట నేతన్న చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే బడి మానేశాడు. నేతకు నూలు ఆసు పోసే తల్లి చేతుల నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2022లో అదే పద్మశ్రీ మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు వచ్చింది. పాలమూరు కవి గోరటి వెంకన్నకు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం. హాజరు పట్టీలో ఈ మూడు పేర్లు కనబడితే మీరు ఏ బెంచీ చూపించేవారు?

హెడ్మాస్టర్లు ఈ వారమే స్టాఫ్ మీటింగ్ పెట్టండి. ప్రతి పిల్లనూ, పిల్లాడినీ రిజిస్టర్‌లో ఉన్న పూర్తి పేరుతోనే పిలవాలని, తోక తగిలించి పిలవొద్దని, కులం పేర నిలబెట్టొద్దని చెప్పండి. పేరు రాయని జవాబు పత్రాలు దిద్దడం ఒక్క యూనిట్ టెస్ట్‌లో మొదలుపెట్టి చూడండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. అతిక్రమిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తప్పదు. తల్లిదండ్రులారా, పేరు పెట్టి ఎగతాళి చేస్తున్నారని బిడ్డ ఇంటికొచ్చి చెబితే కొట్టిపారేయకండి. ముందు హెడ్మాస్టర్‌ను అడగండి, తర్వాత మండల విద్యాధికారిని. అక్కడా వినకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.