గుంటూరు గ్రహణం నుంచి గడ్డకట్టని ద్రవం దాకా...

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియరీ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసిపడే జ్వాలల వెలుగును వర్ణపటంగా విడదీస్తే మెరిసే గీతలు కనిపించాయి. అదేరోజు మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పోగ్సన్, సోడియం గీత చోటనో దానికి దగ్గరలోనో ఓ పసుపు గీత ఉందని రాసుకున్నాడు. అక్టోబరులో ఇంగ్లండ్‌లో లాకియర్ దాన్ని పరిశీలించి, అది సోడియంది కాదని తేల్చాడు. భూమ్మీద ఎవరికీ తెలియని ఆ కొత్త మూలకమే హీలియం. భూమ్మీద అది రామ్సే చేతికి చిక్కింది 1895లో!

అలా వెలుగు ద్వారా ఉనికి చాటుకున్న హీలియం, చల్లబరిస్తే మాత్రం వెలుగును పట్టించుకోవడం మానేస్తుంది. 1908లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ దాన్ని తొలిసారి ద్రవంగా మార్చాడు. అందుకు మైనస్ 269 డిగ్రీల చలి కావాల్సివచ్చింది. ఇంకో రెండు డిగ్రీలు తగ్గిస్తే అసలు వింత మొదలవుతుంది. అప్పటిదాకా కుతకుతలాడుతున్న ద్రవం ఒక్కసారిగా బుడగలు మానేసి నిశ్చలమైపోతుంది. గిన్నెలో పోస్తే గోడలెక్కి బయటికి జారిపోతుంది. సన్నటి సందుల్లోంచి ఏ ఒరిపిడీ లేకుండా పారుతుంది. 1937లో కనుగొన్న ఈ స్థితే సూపర్‌ఫ్లూయిడ్. మామూలు ఒత్తిడిలో ఎంత చల్లబరిచినా ఇది గడ్డకట్టదు.

మైక్రోవేవ్ పొయ్యిలో అన్నం ఎందుకు వేడెక్కుతుంది? నీటి అణువుకు ఒకవైపు ధనావేశం, ఇంకోవైపు రుణావేశం. తరంగం వచ్చి తాకితే ఆ అణువు ఊగుతుంది. ఆ ఊపులో తరంగం శక్తిని తాగేస్తుంది. హీలియం పరమాణువుకు అలాంటి కొసలు లేవు. తరంగానికి పట్టు దొరకదు. అందుకే మైక్రోవేవ్‌లు ద్రవ హీలియంలోంచి దాదాపు అలాగే దాటిపోవాలి.

కానీ 2007లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ శాస్త్రవేత్తలు ఎ.ఎస్. రిబాల్కో, ఆయన బృందం ఓ చిత్రాన్ని ప్రకటించారు. సూపర్‌ఫ్లూయిడ్ హీలియంలోకి మైక్రోవేవ్‌లు పంపితే, సుమారు 180 గిగాహెర్ట్జ్ దగ్గర మాత్రం అది గుటుక్కున మింగేసింది! ఆ అంకె ఊరికే రాలేదు. ఈ ద్రవంలో రోటాన్లనే ప్రత్యేక కదలికలుంటాయని లాండౌ 1941లోనే ఊహించాడు. ఒక రోటాన్ పుట్టడానికి కావాల్సిన కనీస శక్తి ఎంతో, 180 గిగాహెర్ట్జ్ ఫోటాన్ శక్తీ అంతే.

లెక్క సరిపోయింది, చిక్కు మిగిలింది. శక్తి ఒక్కటే చాలదు, ద్రవ్యవేగమూ సరితూగాలి. రోటాన్ ద్రవ్యవేగం ఆ ఫోటాన్ కన్నా సుమారు యాభై లక్షల రెట్లు ఎక్కువ. దోమ వచ్చి తాకితే లారీ పరుగెత్తినట్టు! మిగతాది పాత్ర గోడ ఇచ్చిందా, ద్రవమంతా కలిసి సర్దుకుందా అని సిద్ధాంతాలు వచ్చాయి. అసలు పట్టేలేని హీలియం విద్యుత్ క్షేత్రానికి ఎలా స్పందించిందన్నది దానికి తోడు. అందరూ ఒప్పుకునే జవాబు ఇంకా రాలేదు.

ఇదంతా ప్రయోగశాలల గొడవే అనుకోనక్కర్లేదు. కోటవురట్ల నుంచి విశాఖ వెళ్లి ఎమ్మారై తీయించుకునే రోగి పడుకునే చాలా యంత్రాల్లో అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ద్రవ హీలియమే. జెనీవా దగ్గర సెర్న్ 27 కిలోమీటర్ల సొరంగంలో అయస్కాంతాలకు వాడింది సూపర్‌ఫ్లూయిడ్ హీలియాన్నే. నేల పొరల్లో కోట్ల ఏళ్లపాటు యురేనియం, థోరియం క్షీణిస్తూ ఉంటే పుట్టిన వాయువు ఇది. ఒకసారి గాల్లో కలిస్తే నెమ్మదిగా ఆకాశం దాటి పోతుంది. మళ్లీ పట్టుకోవడం గగనమే. గుంటూరు ఆకాశంలో ఆచూకీ ఇచ్చిన ఈ మూలకం గురించి తెలుసుకోవాల్సింది ఇంకా ఉంది. దాన్ని జాగ్రత్తగా వాడుకోవాల్సిన అవసరమూ అంతే ఉంది.