లైటు కొట్టి చెప్పే జాగ్రత్త

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాటి కృష్ణగిరి చేరే 42వ నంబరు జాతీయ రహదారిపై తరచు ప్రయాణించే వారికి ఒక సైగ సుపరిచితం. ఎదురుగా వచ్చే వాహనం రెండు మార్లు హెడ్‌లైటు వెలిగించి ఆర్పుతుంది. "ముందర పోలీసోళ్ళు ఉండారు, చూసుకో" అని దాని అర్థం. వెంటనే మన డ్రైవరు వేగం తగ్గిస్తాడు, సీటుబెల్టు లాక్కుంటాడు, రెండు కిలోమీటర్లు బుద్ధిగా నడుపుతాడు. పోలీసు జీపు వెనుకబడగానే ముల్లు మళ్ళీ పైకి లేస్తుంది. కొంతదూరం పోయాక తానూ ఎదుటివాడికి లైటు కొట్టి ఋణం తీర్చుకుంటాడు.

ముక్కూ మొగమూ తెలియని వాడికి వెయ్యి రూపాయలు మిగల్చాలన్న సహృదయం ఇందులో లేకపోలేదు. కాని మలుపు అవతల ఆవుల మంద ఉన్నదనో, దీపాలు లేని ట్రాక్టరు నిలిచి ఉన్నదనో ఎవరైనా లైటు కొట్టి హెచ్చరించగా నేను చూచినది బహు తక్కువ. మన వాహనచోదకుల దృష్టిలో ప్రమాదమంటే చలానా. గుద్దుకోవడం ఎవరికో జరిగేది.

"బండి నా చేతిలో ఉంది సార్" అనే మాట ఎన్నోమార్లు విన్నాను. దాని వెనుక అహంకారం కంటె లెక్క తెలియకపోవడమే ఎక్కువ. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారుకు అడ్డంగా ఒక పిల్లవాడు వచ్చాడనుకుందాం. డ్రైవరు చూచి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేసేసరికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఈలోగా కారు 25 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే మరో 20 మీటర్లలో ఆగుతుంది. అదే కారు 80లో ఉంటే కాలు బ్రేకును తాకేలోపే 33 మీటర్లు గడిచిపోతాయి. మొదటి కారు పూర్తిగా ఆగిన చోట ఈ కారు వేగం ఇంకా 65 వరకు ఉంటుంది. చేయి తిరిగిన డ్రైవరుకైనా ఈ లెక్క మారదు. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల అవకాశం నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో నూటికి డెబ్బైమందికి పైగా అతివేగానికి సంబంధించిన ప్రమాదాలలోనే పోయారు.

వాహనం ఆగినంత మాత్రాన శరీరం ఆగదు. శరీరాన్ని బెల్టు ఆపినా లోపలి అవయవాలు అదే వేగంతో ముందుకు పోతాయి. మెదడు కపాలపు గోడకు కొట్టుకుంటుంది. కాలేయమో ప్లీహమో చిట్లుతుంది. "పైకి గీత కూడ పడలేదు, బాగానే మాట్లాడుతున్నాడు" అని బంధువులు ఊరట చెందుతూ ఉండగానే కడుపులో రక్తం నిండుతూ ఉంటుంది. మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో తలకు తీవ్రమైన గాయం తగిలితే తిరుపతికో బెంగళూరుకో తరలించడం పరిపాటి. ఆ దూరంలో కరిగిపోయేది చికిత్సకు అమూల్యమైన తొలి గంట.

ఇంతకూ వేగం వలన మిగిలేదెంత? ముప్పై కిలోమీటర్ల దారిలో 60కి బదులు 80లో పోతే ఏడున్నర నిమిషాలు. దారిలో ఒక్క టీ కొట్టు చాలు వాటిని ఖర్చు చేయడానికి.

మదనపల్లె మార్కెట్టు నుంచి టమోటా తీసుకుపోయే లారీ డ్రైవరును మాత్రం ఈ మాటతో సరిపెట్టలేము. సరుకు మగ్గిపోతుంది, అవతలి మార్కెట్టులో ధర పడిపోతుంది, ఫోనులో ఏజెంటు కసురుతూ ఉంటాడు. అతని వేగానికి బాధ్యులు లారీలో లేనివారు కూడ. వారాంతంలో బెంగళూరు నుంచి సొంత ఊరికి కారులో వచ్చే ఉద్యోగికి ఆ సాకు లేదు.

పలమనేరు వద్ద కలిసే బెంగళూరు–చిత్తూరు నాలుగు వరుసల రహదారిపై కథ వేరు. అక్కడ కుడి వరుస ముందు వాహనాన్ని దాటడానికే. దాటాక ఎడమకు రావాలి. కాని బరువు లారీలు డివైడరును అంటిపెట్టుకొనే సాగుతాయి. వారి వాదనా కొట్టివేయదగినది కాదు. ఎడమ వరుసలో నిలిపిన లారీ ఉంటుంది, పాలక్యాన్ల మోపెడు అడ్డదారిలో ఎదురు వస్తుంది, కొన్ని నెలల్లో రాగికంకులూ ఉలవ పంటా రోడ్డుమీదే ఆరుతుంటాయి. లారీ కుడికి పోతుంది, దాని వెనుక హారను మోగించి విసిగిన కారు ఎడమనుంచి దూసుకుపోతుంది. ఆ కారుకు ఎదురుపడేది పాలవాడి మోపెడే. యూ టర్ను కిలోమీటరు దూరాన ఉన్నందువల్ల అతడు ఎదురుదారి పట్టాడు. అటువంటి వాటిని జరిమానాతో పాటు రోడ్డు నిర్మించేవారు కూడ సరిదిద్దాలి.

పోలీసులపై ఫిర్యాదులలో నిజం ఉన్నది. ప్రమాదాలు జరిగే మలుపులో కాక, చెట్టు నీడ ఉన్నచోట నిలిచి, వేగం వదలి కాగితాలు మాత్రమే చూచే తనిఖీ ప్రజల గౌరవం పొందలేదు. అంతమాత్రాన తనిఖీయే వేధింపు అనడం తగదు. 1915 నుంచి క్షయవైద్యానికి పేరుపడిన ఆరోగ్యవరం మన పొరుగునే ఉన్నది. ఎక్కడబడితే అక్కడ ఉమ్మవద్దని రోగికి చెప్పినది అతని కొరకు మాత్రమే కాదు. బెంగళూరు–మైసూరు రహదారిపై 2023లో ద్విచక్ర వాహనాలను, ఆటోలను నిషేధించి, వేగాన్ని యంత్రాలతో కొలవడం మొదలుపెట్టాక మరణాలు గణనీయంగా తగ్గాయి.

ఒక్క కెమెరా ఉంటే దాని ముందు బ్రేకు వేసి తరువాత మళ్ళీ తొక్కుతారు. ఇటలీ రహదారులపై ఇరవై ఏళ్ళుగా రెండు చోట్ల వాహనం నంబరు గుర్తించి, నడుమ పట్టిన కాలాన్నిబట్టి సగటు వేగం లెక్కకడుతున్నారు. మదనపల్లె–పుంగనూరు మధ్య అటువంటి ఏర్పాటు చేయాలని నా అభిప్రాయం. దానిముందు లైటు సైగలు పనిచేయవు.

ఇది త్వరపడవలసిన పని. మన జిల్లా గుండా నిర్మిస్తున్న బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేపై గంటసేపు 120లో వచ్చిన కంటికి 80 నత్తనడకలా తోస్తుంది. ఆ భ్రమతోనే కార్లు మన రెండు వరుసల పాత రోడ్లపైకి, బడి పిల్లలు దాటే ఊళ్ళలోకి దిగుతాయి. దిగే ప్రతిచోటా మొదటి కిలోమీటరులోనే వేగనిరోధక పట్టీలు, కెమెరా ఉండాలని జిల్లా అధికారులను ఇప్పుడే అడగాలి.