మిద్దె మీది యాంటెన్నాకు మళ్లీ పని కల్పించాలి

1977లో హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. ఆ తర్వాత చేవెళ్ల, మొయినాబాద్ మిద్దెల మీద లేచిన అల్యూమినియం యాంటెన్నాలన్నీ తూర్పున ఆ కేంద్రం ఉన్న రామంతాపూర్ వైపే చూసేవి. ఒకరు పైన పైపు తిప్పుతుంటే, కింద నుంచి మరొకరు "బొమ్మ వచ్చింది, ఇగ తిప్పకు" అని కేకేసేవారు. 2022 నాటికి దూరదర్శన్ దేశమంతటా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపుగా మూసేసింది.

నెలనెలా డబ్బు కట్టలేని ఇంటికి ఇప్పుడు దిక్కు 2004లో వచ్చిన ఉచిత డిష్ సేవే. మంచి సేవ. ఈ ప్రాంతంలో ఆ డిష్ ఆగ్నేయానికి, 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 వైపు చూడాలి. బొమ్మ ఆగి ఆగి వస్తుంటే ముందు మిద్దె ఎక్కి చూడాలి. గాలికి క్లాంపు నట్టు వదులై డిష్ కొంచెం పక్కకు జరిగినా సిగ్నల్ పడిపోతుంది. డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్‌లో నీరు చేరి తుప్పు పడుతుంది. పాడైన చివర కోసి కొత్త కనెక్టర్ వేయాలి. నీరు కిందికి కారిపోయేలా కేబుల్‌కు వంపు ఇవ్వాలి. ఆ తర్వాత టీవీలో సిగ్నల్ గీత చూస్తూ డిష్‌ను వెంట్రుకవాసి జరపాలి. అడ్డొచ్చే వేపకొమ్మను కొట్టేయాలి.

ఇంత చేసినా కుండపోత వానలో బొమ్మ పోతుంది. ఉపగ్రహం నుంచి వచ్చే రెండున్నర సెంటీమీటర్ల తరంగాన్ని వానచినుకులు మింగేస్తాయి. మూసీ, ఈసీ నదులు పొంగి వాటి మీది జంట జలాశయాల గేట్లు ఎత్తే రాత్రే హెచ్చరిక వినాల్సిన టీవీ మూగబోవడం అన్యాయం.

నేల మీది టవర్ నుంచి వచ్చే పొడవాటి తరంగాలకు వాన పెద్ద అడ్డు కాదు. 2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ 16 నగరాల్లో డిజిటల్ భూతల ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ జాబితాలో హైదరాబాద్ లేదు. బ్రిటన్‌లో 2002 నుంచే ఫ్రీవ్యూ పేరుతో ఇంటి యాంటెన్నాకు డిజిటల్ చానళ్లు ఉచితంగా అందుతున్నాయి.

రామంతాపూర్ నుంచి మొయినాబాద్ ముప్పై కిలోమీటర్ల లోపే. చేవెళ్ల నలభై పైచిలుకు. ఎత్తైన టవర్‌కు ఇది పెద్ద దూరం కాదు. మధ్యలో లేచిన అంతస్తులు కొంత అడ్డొస్తాయి, నిజమే. అందుకే ఇక్కడి ఇళ్లకు ఎత్తైన పైపు, మంచి యాగీ యాంటెన్నా కావాలి. బూస్టర్‌ను టీవీ వెనక కాదు, పైన యాంటెన్నా దగ్గరే బిగించాలి. కేబుల్‌లో నీరసించిన సిగ్నల్‌ను కింద పెంచితే దాంతోపాటు గోల కూడా పెరుగుతుంది.

హైదరాబాద్‌లో డిజిటల్ భూతల ట్రాన్స్‌మిటర్ పెట్టమని చేవెళ్ల ఎంపీ లోక్‌సభలో సమాచార, ప్రసార మంత్రిని అడగాలి. ఎప్పటికి పెడతారో తేదీతో సహా జవాబు రాబట్టాలి.