ఫిరంగి కంటే ముందు సూక్ష్మదర్శిని

గ్రహాంతర శత్రునౌక మన నేల మీద దిగితే మొదటి ఫోను సైన్యానికే వెళ్ళాలి. కానీ సైన్యానికొక్కదానికే వెళితే ప్రమాదం. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో ఓ వింత గుళిక దిగితే జనం తండోపతండాలుగా చేరారు. అది హైదరాబాద్ టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన స్పెయిన్ సంస్థ ప్రయోగ పరికరమని తేలింది. రెండు నెలలకే అమెరికా యుద్ధవిమానాలు చైనా బెలూన్‌ను కూల్చి, ఆ ఊపులోనే గుర్తు తెలియని మరో మూడు వస్తువులను క్షిపణులతో పేల్చాయి. అవి ప్రైవేటు సంస్థలవో, పరిశోధన సంస్థలవో అయి ఉండొచ్చని తర్వాత అధ్యక్షుడు బైడెనే చెప్పారు. తెలుసుకోకుండా పేల్చితే శత్రువుతో పాటు సాక్ష్యమూ బూడిదవుతుంది. పైనుంచి వచ్చినదాన్ని ఓపికగా పరీక్షించే విద్య హైదరాబాద్‌లోని తార్నాక పరిసరాలకు కొత్త కాదు. 2005 ఏప్రిల్‌లో ఇస్రో బెలూన్ 41 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్ళి తెచ్చిన గాలిని అక్కడికి దగ్గర్లోనే, హబ్సిగూడలో ఉన్న కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ పరిశీలించింది. ఆ ప్రయోగంలో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ప్రకటించారు. అయినా అవి భూమికి ఆవలివేనని శాస్త్రవేత్తలు తీర్పు చెప్పలేదు. ఆ నిగ్రహమే అసలైన రక్షణ కవచం. వచ్చిన నౌక తెచ్చే క్రిమి తుపాకీకి లొంగదు. అందుకే సికింద్రాబాద్ కంటోన్మెంట్ అధికారులు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఖగోళశాస్త్ర విభాగం, సీసీఎంబీ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, ఎవరు చుట్టుముట్టాలో, ఎవరు పరీక్షించాలో, ఎవరి మాటతో కాల్చాలో ముందే రాసిపెట్టుకోవాలి. ఆ పని ప్రభుత్వం ఇప్పుడే మొదలుపెట్టాలి.