చూచిన పిదపనే పేరు: ఖగోళ పరిభాషను బోధించువారి ప్రణాళిక

పాఠశాలలలో భూగోళ, భౌతికశాస్త్రములను బోధించు మేము కొందఱము, ఆకాశమువంక ఒక్కమారైనను తలయెత్తి చూడకయే కక్ష్య, అక్షము, భ్రమణము, క్రాంతివృత్తము అను మాటలన్నియు వల్లించి విద్యార్థి పరీక్షలో ఉత్తీర్ణుడగుటకు వీలున్నంతవఱకు ఆ చదువు చదువు కాదని నిశ్చయించి, మా బోధనకు మేమే కొన్ని నియమములను విధించుకొని ఇందు ప్రకటించుచున్నాము.

చూపదగిన వస్తువును చూపక దాని పేరు చెప్పము. హైదరాబాదునందుగాని విశాఖపట్టణమునందుగాని ఉత్తరదిక్కునకు తిరిగి నిలిచి చేయి చాచి పిడికిలి బిగించినచో, ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 అంశలగును. ఇంచుమించు రెండు పిడికిళ్ల యెత్తున, దిఙ్మండలమునకు పైన ధ్రువుడు కానవచ్చును. ఆ యెత్తే తన ఊరి అక్షాంశమని స్వయముగా కొలిచి తెలిసికొన్న బాలికకు అక్షాంశమునకు నిర్వచనము వేఱుగా వ్రాయింప బనిలేదు. సూర్యుని మాత్రము కంటితో చూడనీయము. శంకువును, అనగా నిలువుకఱ్ఱను, నాటి దాని నీడను కొలిపింతుము. మన ప్రాంతములు కర్కటరేఖకు దక్షిణముననున్నవి కనుక ఏటికి రెండుమార్లు మధ్యాహ్నమున ఆ నీడ మాయమగుటయు చూపింతుము.

చంద్రుని విషయమున తొందరపడము. నేడు ఒక నక్షత్రము చెంతనున్న చంద్రుడు మఱునాటికి దాదాపు 13 అంశలు తూర్పునకు జరిగి, 27 దినములపైన కొన్ని గంటలకు మరల ఆ నక్షత్రమునే చేరుననియు, అయినను పున్నమికిని పున్నమికిని నడుమ 29న్నర దినములు పట్టుటకు కారణము ఈలోగా భూమియు తన కక్ష్యలో ముందునకు సాగియుండుటయేననియు, బాలబాలికలు నెలదినములు తమ పుస్తకమున గుర్తులు పెట్టికొని కనుగొనవలెను. పంచాంగమున 27 నక్షత్రములేల యుండెనో వారికి అప్పుడు వారి లెక్కలనుండియే తెలియును.

ఇంటి మాటను బడి మాటతో చంపము. పిల్లలకోడి అన్నవానిని కృత్తికలనియు, పాలపుంత అన్నవానిని క్షీరపథమనియు దిద్దుట మాకు సమ్మతము గాదు. రెండు పేర్లును నేర్పుదుము. నవగ్రహములలో సూర్యచంద్రులు గలరు, పాఠ్యపుస్తకమున సూర్యుడు నక్షత్రము, చంద్రుడు ఉపగ్రహము. ఈ భేదమును చూచి తికమకపడు పిల్లవానిని పరిహసింపక, పూర్వులు నక్షత్రముల నడుమ చలించువానినెల్ల గ్రహములనిరనియు, నేటి శాస్త్రము సూర్యుని చుట్టు తిరుగు పెద్దగోళములకే ఆ పేరు నిలిపెననియు చెప్పుదుము. రాహుకేతువులును గణితమున చంద్రమార్గము క్రాంతివృత్తమును ఖండించు రెండు బిందువులే. చంద్రమార్గము 5 అంశలు వాలియుండుటచేతనే ప్రతి పున్నమికిని గ్రహణము పట్టదు. గ్రహణములు నీడలవలన గలుగునని క్రీ.శ. 5వ శతాబ్ది చివరనే ఆర్యభటుడు వివరించెను.

చూపరానివానిని లెక్కవేయింతుము. కాంతిసంవత్సరము కాలమనుకొనుట మిక్కిలి పాతపొరపాటు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల చొప్పున కాంతి ఒక యేట పోవు దూరమును తానే గుణించి, సుమారు 9 లక్షల 46 వేల కోట్ల కిలోమీటర్లని తేల్చిన విద్యార్థి మఱి ఆ పొరపాటు చేయడు.

దుర్భిణి లేదను సాకు మాకు వలదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున సొంత వేధశాలను నెలకొల్పిరి, హైదరాబాదున నిజామియా వేధశాల వెలసినది. అవి మనకు గర్వకారణములే, కాని పైన చెప్పిన పనులలో ఒక్కదానికైనను కన్ను, కఱ్ఱ, పుస్తకము తప్ప మఱేమియు నక్కఱలేదు. పట్టణపు దీపకాంతి మాత్రము నిజమైన యడ్డంకియే. పాలపుంతను చూపుటకు ఏటికొక రాత్రియైనను పిల్లలను పల్లెకు తోడ్కొని పోవుదుము.

నిర్వచింపుము అను ప్రశ్నలకు మా పరీక్షలలో సగము మార్కులకు మించి కేటాయింపము; తక్కిన సగము విద్యార్థి తన చేత వ్రాసికొన్న ఆకాశపు లెక్కలకు చెందును. తనిఖీకి వచ్చిన అధికారి ఇందులకు ఆక్షేపించినచో, ఆనాటి సాయంకాలము వారినిగూడ మైదానమునకు ఆహ్వానింతుము.